మొదటి అణువు కోసం ఏ దారి పట్టాలి: స్క్రీనింగా, ఫ్రాగ్‌మెంట్లా, డాకింగా?

ఎం.ఫార్మసీ చదివే కుర్రాడొకడు ఆ మధ్య రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, డాకింగ్‌లో మైనస్ 11.2 వచ్చింది. మా బ్యాచ్‌లో ఎవరికీ ఇంత స్కోరు రాలేదు. ఇక సింథసిస్ మొదలుపెట్టేయొచ్చా?" డాకింగ్ అంటే అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో లెక్కేసి స్కోరు ఇవ్వడం, ఎంత మైనస్ అయితే అంత మంచిది. గొంతులో సంబరం తెలుస్తూనే ఉంది. "దాన్ని కొలిచే అస్సే ఎవరి దగ్గరుంది?" అని అడిగాను. అటువైపు కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

వాడికి ఆ రాత్రి ఫోన్లో హడావిడిగా చెప్పినదాన్నే ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతున్నాను. ప్రొటీన్ ఒకటి చేతిలో ఉంది, దానికి అతుక్కునే చిన్న అణువు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తేలడం లేదు అనేవాళ్లకు పనికొస్తుంది.

ఈ రంగం కొత్తవాళ్లకు రెండు ముక్కలు. జబ్బుకి మూలమైన ప్రొటీన్ మీద చాలాసార్లు ఒక గుంత ఉంటుంది. మేము దాన్ని పాకెట్ అంటాం. అందులో ఇమిడి, ఆ ప్రొటీన్ పనిని ఆపేసే అణువు కావాలి. మాత్రగా మింగితే పేగు దాటి రక్తంలోకి వెళ్లాలి కాబట్టి బరువు 500 డాల్టన్ల లోపు ఉంటే మంచిదని 1997లో లిపిన్‌స్కీ చెప్పిన లెక్కని ఇప్పటికీ అందరం గుర్తుపెట్టుకుంటాం. మొదట దొరికే బలహీనమైన అణువు హిట్. దాన్ని నెలల తరబడి మార్చుకుంటూ పోతే లీడ్. పట్టుని మైక్రోమోలార్, నానోమోలార్ లెక్కన చెబుతాం. సంఖ్య ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. 1 మైక్రోమోలార్ అంటే 1000 నానోమోలార్. హిట్లు ఎక్కువగా మైక్రోమోలార్లలో దొరుకుతాయి, మందులు ఎక్కువగా నానోమోలార్లలో ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతి అనేది మూడో ప్రశ్న. అణువు పనిచేస్తోందో లేదో నమ్మకంగా కొలిచే పరీక్ష, అంటే అస్సే, మీ దగ్గర ఉందా అనేది మొదటిది. అణువుని చేసిచ్చే కెమిస్ట్ ఎవరు, లేదా ఎక్కడ కొంటారు అనేది రెండోది. ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు దాదాపు దానంతటదే వస్తుంది. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి, మొదటిదాని దగ్గర ఆగిపోతారు.

ఒకే ప్రొటీన్, మూడు దారులు

పద్ధతుల్ని పోల్చాలంటే అందరూ ఒకే ప్రొటీన్ మీద పనిచేసిన సందర్భం కావాలి. అలాంటిది అరుదు. 2020లో కరోనా వైరస్ ఆ అవకాశం ఇచ్చింది. ఆ వైరస్ తన పొడుగాటి ప్రొటీన్ గొలుసుని ముక్కలుగా కోసుకోవడానికి ఒక కత్తెర వాడుతుంది. దాని పేరు మెయిన్ ప్రోటియేజ్, ముద్దుగా ఎంప్రో. షాంఘై పరిశోధకులు దాని క్రిస్టల్ స్ట్రక్చర్‌ని, అంటే ఎక్స్‌రేలతో తీసిన ఆకారపు బొమ్మని, 2020 ఫిబ్రవరిలోనే అందరికీ అందుబాటులో పెట్టారు. అక్కణ్నుంచి ఎవరి దారి వాళ్లది.

ఫైజర్ వాళ్లు పాత అల్మారా తెరిచారు. 2003 సార్స్ రోజుల్లో అప్పటి వైరస్ ప్రోటియేజ్ కోసం చేసి, అవసరం తీరిపోయి పక్కన పెట్టిన అణువొకటి ఉంది. కొత్త వైరస్ మీద కూడా అది బాగానే పట్టింది. చిక్కల్లా నోటి ద్వారా ఇస్తే ఒంటికి పట్టదు, సెలైన్‌లా ఎక్కించాలి. అప్పుడు మొదలైంది అసలు పని. ఎంప్రో ఎప్పుడూ గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పక్కనే కోస్తుంది కాబట్టి, గ్లుటమిన్‌ని అనుకరించే లాక్టమ్ ఉంగరాన్ని అలాగే ఉంచారు. ఎంజైమ్‌లో 145వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకునే కొక్కాన్ని మార్చి నైట్రైల్ పెట్టారు. లూసీన్ ఉన్న చోట, హెపటైటిస్ సి మందు బోసెప్రెవిర్‌లో ఉన్నలాంటి బిగుతైన జంట ఉంగరాన్ని తెచ్చి కూర్చారు. నీటితో హైడ్రోజన్ బంధాలు కట్టే నైట్రోజన్-హైడ్రోజన్ జంటలు (ఎన్‌హెచ్‌లు) తగ్గాయి, పేగు దాటడం తేలికైంది. అదే నిర్మాట్రెల్విర్. 2020 జులైలో మొదటిసారి తయారైన అణువు, 2021 డిసెంబర్‌లో అమెరికాలో అత్యవసర అనుమతితో మాత్రగా బయటికొచ్చింది. కాలేయం దాన్ని త్వరగా అరగదీసేస్తుంది కాబట్టి, ఆ అరుగుదలని ఆపే రిటోనవిర్ అనే మందుని తోడు వేయాల్సి వచ్చింది.

జపాన్‌లో షియోనోగి వాళ్లది ఇంకో లెక్క. తమ దగ్గరున్న అణువుల లైబ్రరీని ముందు కంప్యూటర్‌లో జల్లెడ పట్టి, మిగిలినవాటిని ఎంజైమ్ మీద పరీక్షించారు. దొరికిన హిట్ బలం 8.6 మైక్రోమోలార్. చూడ్డానికి మామూలుదే. క్రిస్టల్ స్ట్రక్చర్లు చూసుకుంటూ మార్చుకుంటూ వెళ్లి దాన్ని 13 నానోమోలార్‌కి తెచ్చారు, అంటే 600 రెట్లకు పైగా. అదే ఎన్సిట్రెల్విర్. ఇది సిస్టీన్‌తో బంధం కట్టదు, పాకెట్‌లో ఊరికే గట్టిగా ఇమిడి కూర్చుంటుంది. రోజుకి ఒకసారి చాలు, రిటోనవిర్ అక్కర్లేదు. జపాన్‌లో 2022 నవంబర్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. నిర్మాట్రెల్విర్ కంటే 11 నెలలు ఆలస్యం. ఆ తేడాలో పెద్ద భాగం పాత అల్మారాదే అని నా లెక్క.

మూడోది ఇంగ్లండ్‌లో, చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలు ఇచ్చే డైమండ్ సింక్రోట్రాన్ దగ్గర మొదలైంది. 1250 చిన్న చిన్న రసాయన ముక్కల్ని (ఫ్రాగ్‌మెంట్లని) ఎంప్రోకి చూపించి, ఏవి ఎక్కడ అతుక్కున్నాయో ఎక్స్‌రేలతో చూశారు. పాకెట్‌లో 71 ముక్కలు దొరికాయి. ఆ ఫలితాలన్నీ బహిరంగంగా పెట్టి, "వీటిని కలిపి పెద్ద అణువులు మీరు డిజైన్ చేయండి" అని ప్రపంచాన్ని అడిగారు. 18 వేలకు పైగా డిజైన్లు వచ్చాయి, 2400కు పైగా అణువులు తయారయ్యాయి. కోవిడ్ మూన్‌షాట్ అని పేరు పెట్టిన ఆ ప్రయత్నం నుంచి మంచి లీడ్ వచ్చింది గానీ, మందుల షాపులోకి మాత్ర రాలేదు. దీన్ని ఓటమి అనను. సున్నా నుంచి మొదలుపెట్టిన దారికి పట్టే సమయం ఇది. పైగా వాళ్లు దాచకుండా వదిలిన 490కి పైగా క్రిస్టల్ స్ట్రక్చర్లు ఇవాళ పద్ధతులు నేర్చుకునేవాళ్లకు నిధిలాంటివి.

ఈ కథలో మన వాటా చివర్లో వస్తుంది. నిర్మాట్రెల్విర్ జెనరిక్‌లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత మొదట పొందింది హైదరాబాద్‌లోని హెటెరో చేసినదే, 2022 డిసెంబర్‌లో.

పాత అణువుతో మొదలుపెట్టడం

పద్ధతుల గురించి అడిగేవాళ్లు దీన్ని లెక్కలోకే తీసుకోరు. మోడర్న్‌గా కనపడదు కదా. కానీ మీ ప్రొటీన్‌కి, లేదా దాని దగ్గరి చుట్టానికి, ఇప్పటికే ఏదో అణువు తెలిసి ఉంటే నా సలహా కళ్లు మూసుకుని అక్కడే మొదలుపెట్టమని.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ లాబరేటరీస్‌లో చేసింది ఇదే. ఫోలిక్ యాసిడ్ ఒక విటమిన్. దాని ఉంగరం మీద ఆక్సిజన్ ఉన్న చోట అమైనో గుంపు పెడితే అమైనోప్టెరిన్. ఇంకొక నైట్రోజన్ మీద మిథైల్ కూడా పెడితే మెథోట్రెక్సేట్. శరీరం దాన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని లోపలికి రానిస్తుంది, ఆ విటమిన్‌ని వాడుకునే ఎంజైమ్‌లోకి వెళ్లాక అది కదలదు. 1948లో లుకేమియా పిల్లలకు అమైనోప్టెరిన్ ఇచ్చి సిడ్నీ ఫార్బర్ తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించినప్పుడు, ఆ ఎంజైమ్ పాకెట్ ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఆ బొమ్మ రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. సహజంగా అక్కడ కూర్చునేది ఎవరో తెలుసు, అంతే.

దీని లోటు ఏమిటంటే పాత అణువు పాత బుద్ధులు కూడా తెస్తుంది. పేటెంట్ చిక్కులు, ఒంటికి పట్టకపోవడం, పక్క ప్రొటీన్లని తగులుకోవడం. ఫైజర్ వాళ్లు మార్చింది సరిగ్గా ఈ బుద్ధుల్నే.

హై త్రూపుట్ స్క్రీనింగ్: డబ్బున్నవాళ్ల దారి, కానీ గుడ్డిది కాదు

లక్షల అణువులు, 384 లేదా 1536 గుంటల ప్లేట్లు, రోబో చేతులు. పాకెట్ ఆకారం తెలియనక్కర్లేదు. ప్రొటీన్ పనిని కొలవగలిగితే చాలు. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ కథ ఇక్కణ్నుంచే మొదలైంది. స్విట్జర్లాండ్‌లో సిబా-గైగీ వాళ్లు ప్రొటీన్ కైనేజ్ సి అనే వేరే ఎంజైమ్ కోసం స్క్రీన్ చేస్తుంటే ఫినైల్‌అమైనో పిరిమిడిన్ రకం అణువొకటి దొరికింది. దానికి ఒక అమైడ్ తగిలిస్తే టైరోసిన్ కైనేజ్‌ల మీద పట్టొచ్చింది. ఉంగరం మీద ఒకే ఒక్క మిథైల్ పెట్టేసరికి కైనేజ్ సి మీద పని పూర్తిగా పోయింది. చివర్లో మిథైల్ పిపరజీన్ అతికిస్తే నీళ్లలో కరగడం మొదలైంది. 2001 మేలో అమెరికాలో అనుమతి. వెతికింది ఒకదాని కోసం, దొరికింది ఇంకోదానికి. స్క్రీనింగ్ ఇచ్చేది పునాది రాయి మాత్రమే అని ఈ ఒక్క మిథైల్ చాలు చెప్పడానికి.

కాలేజీ లాబ్‌కి లక్షల అణువుల స్క్రీనింగ్ సాధ్యపడదు. రెండు, మూడు వేల అణువుల చిన్న లైబ్రరీతో మాత్రం చేయొచ్చు. ఎంత చిన్నగా చేసినా ఒక ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది: అబద్ధపు హిట్లు.

ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. కొన్నేళ్ల కింద ఒక చిన్న స్క్రీన్‌లో అణువొకటి 5 మైక్రోమోలార్‌లో ఎంజైమ్‌ని శుభ్రంగా ఆపేసింది. గ్రాఫ్ పుస్తకంలో వేసుకునేంత అందంగా వచ్చింది. దానికి చుట్టాల్లాంటి అణువులు పదకొండు చేయించాను, మూడు నెలలు. కొన్ని బాగా పనిచేశాయి, కొన్ని లేదు, ఏ క్రమమూ లేదు. చివరికి ఒక సీనియర్ మేడమ్ వచ్చి, "బఫర్‌లో ట్రైటాన్ వేశావా బాబూ?" అని అడిగారు. వేయలేదు. 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100, అంటే సబ్బులాంటిది, కలిపి మళ్లీ పెట్టాను. గీత నేలకి అతుక్కుపోయినట్టు బల్లపరుపుగా వచ్చింది. నా అణువు నీళ్లలో ముద్దలు కట్టి, ఆ ముద్దల మీద ఎంజైమ్‌ని అతికించుకుని ఆపుతోంది. పాకెట్‌తో దానికి సంబంధమే లేదు. పన్నెండు సీసాలు ఇప్పటికీ ఫ్రిజ్‌లో ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి నా నియమాలు మూడు. ప్రతి హిట్‌నీ డిటర్జెంట్‌తో మళ్లీ కొలవాలి. కొత్త పౌడర్ తెప్పించి మళ్లీ కొలవాలి, ఎందుకంటే అణువుల్ని కరిగించి ఉంచే పాత డీఎంఎస్‌ఓ ద్రావణంలో అణువు విరిగిపోయి ఉండొచ్చు. పూర్తిగా వేరే రకం పరీక్షతో ఇంకోసారి కొలవాలి. మొదటిది రంగుతో చూస్తే రెండోది వేడితోనో, అతుక్కోవడాన్ని వెలుగుతో పసిగట్టే సర్ఫేస్ ప్లాస్మోన్‌తోనో.

ఇక్కడే పసుపు గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన దగ్గర స్టూడెంట్ ప్రాజెక్టుల్లో కర్‌క్యుమిన్ అతుక్కోని ప్రొటీన్ నాకు ఇంతవరకు కనపడలేదు. కారణం ఉంది. అది వెలుగుని పీల్చి తిరిగి వెదజల్లుతుంది, లోహాల్ని పట్టుకుంటుంది, ముద్దలు కడుతుంది, మామూలు పీహెచ్ ఉన్న బఫర్‌లో నిమిషాల్లో విరగడం మొదలవుతుంది. అస్సేని మోసం చేయడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ దానికి తెలుసు. పప్పులో వేసుకోండి, స్క్రీనింగ్ ప్లేట్‌లో మాత్రం జాగ్రత్త.

ఫ్రాగ్‌మెంట్లు: ఓపికున్నవాళ్లకు

ఇందులో వెయ్యి, రెండు వేల ముక్కలు సరిపోతాయి. ఒక్కొక్కటి 300 డాల్టన్ల లోపు. అవి ప్రొటీన్‌ని పట్టుకునే తీరు చాలా బలహీనం, కొన్ని 1 మిల్లీమోలార్ (1000 మైక్రోమోలార్) దాకా ఉంటాయి. అంత బలహీనమైనదాన్ని ఎందుకు పట్టుకు వేలాడతాం? చిన్న లెక్క చూడండి. 12 పరమాణువులున్న ముక్క (హైడ్రోజన్లు లెక్కపెట్టం) 1 మిల్లీమోలార్‌లో పట్టుకుంటే, దాని శక్తి దాదాపు 4.1 కిలోకాలరీలు. ఒక్కో పరమాణువుకి 0.34. స్క్రీనింగ్‌లో దొరికిన 35 పరమాణువుల అణువు 10 మైక్రోమోలార్‌లో పట్టుకుంటే దాదాపు 6.8, ఒక్కో పరమాణువుకి 0.19 మాత్రమే. పైకి వంద రెట్లు గట్టిదిగా కనపడే రెండోదానిలో సగం శరీరం ఉత్తి బరువు. మొదటిది చిన్నదే అయినా ప్రతి పరమాణువూ పనిచేస్తోంది. దాన్ని పెంచుకుంటూ పోవచ్చు.

చర్మ క్యాన్సర్ మందు వెమురాఫెనిబ్ ఇలా 7-అజాఇండోల్ అనే చిన్న ముక్క నుంచి పెరిగి 2011లో అనుమతి తెచ్చుకుంది. ఫ్రాగ్‌మెంట్ దారిలో బయటికొచ్చిన మొదటి మందు అదే. నాకు మాత్రం రక్త క్యాన్సర్ మందు వెనిటోక్లాక్స్ ఎక్కువ ఇష్టం. బీసీఎల్-2 అనే ప్రొటీన్ మీద సరైన గుంత లేదు, ఇంకో ప్రొటీన్ వచ్చి ఆనుకునే పొడుగాటి గాడి మాత్రమే ఉంది. ఇలాంటివాటిని స్క్రీనింగ్ లైబ్రరీలు సాధారణంగా ముట్టుకోలేవు. ఆబట్ శాస్త్రజ్ఞులు అయస్కాంతంతో అణువుల్ని చూసే ఎన్‌ఎంఆర్‌తో రెండు ముక్కలు పక్కపక్కన ఎక్కడ కూర్చుంటున్నాయో చూసి, వాటిని కలిపే పద్ధతిని 1996లో ప్రకటించారు. ఆ దారిలో వచ్చిన అణువు నావిటోక్లాక్స్ పనిచేసింది గానీ, చుట్టమైన బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని కూడా ఆపి ప్లేట్‌లెట్లని తగ్గించేసింది. దాన్ని వదిలించుకుని వెనిటోక్లాక్స్ బయటికొచ్చేసరికి 2016. బరువు 868 డాల్టన్లు. లిపిన్‌స్కీ లెక్క ప్రకారం మాత్ర కాకూడదు, అయింది.

ఫ్రాగ్‌మెంట్లకి క్రిస్టలో, ఎన్‌ఎంఆరో, సర్ఫేస్ ప్లాస్మోన్ యంత్రమో ఉండాలి. వాటితోపాటు శుభ్రమైన ప్రొటీన్ మిల్లీగ్రాముల్లో కావాలి. ఇవేవీ లేకుండా ఫ్రాగ్‌మెంట్లు కొనడం, బావి లేకుండా గిలక కొన్నట్టే.

డాకింగ్: చవకే, కానీ దేనికి చవక

ఇక కుర్రాడి మైనస్ 11.2 దగ్గరికి వద్దాం. ఆ సంఖ్యని నిజమైన శక్తిగా తీసుకుంటే 6 నానోమోలార్ రావాలి, అంటే దాదాపు మందంత గట్టిది. కానీ గది ఉష్ణోగ్రతలో 1.4 కిలోకాలరీల తేడా అంటే పట్టులో పది రెట్ల తేడా. స్కోరింగ్‌లో రెండు, మూడు కిలోకాలరీల పొరపాటు మామూలు. అంటే 6 నానోమోలార్ అని చూపించినది 1 మైక్రోమోలార్ కావచ్చు, అసలు అతుక్కోకనూ పోవచ్చు. పైగా అణువు పెద్దదయ్యేకొద్దీ స్కోరు ఊరికే పెరుగుతుంది. వాడి అణువులో ఐదు ఉంగరాలున్నాయని తర్వాత తెలిసింది.

అలాగని డాకింగ్ పనికిరాదని కాదు. ఒక్క అణువుకి ర్యాంకు ఇవ్వడంలో అది బలహీనం, కోట్లలో నుంచి వందల్ని ఏరడంలో గట్టిది. 2019లో వచ్చిన ఒక పని చూడండి. డోపమిన్ డీ4 రిసెప్టర్ మీద 13.8 కోట్ల అణువుల్ని డాక్ చేశారు. అవి ఏ సీసాలోనూ లేవు, ఆర్డర్ ఇస్తే చేసిచ్చే కేటలాగ్‌లో మాత్రమే ఉన్నాయి. వాటిలో 549 చేయించి కొలిచారు. ఒకటి 180 పికోమోలార్, అంటే నానోమోలార్‌లో ఐదో వంతు కంటే తక్కువ. ఇందులో గమనించాల్సింది 13.8 కోట్లని కాదు, 549ని. అన్ని చేయించి కొలిచారు.

కాబట్టి డాకింగ్ చేసేవాళ్లకి నా ప్రశ్న ఒకటే: ఎన్ని కొంటారు? ఒకటో, రెండో అంటే లాటరీ టికెట్టే. ముప్పై నుంచి యాభై వేర్వేరు ఆకారాలు కొనగలిగితే ఆటలో ఉన్నట్టు. ఇంకొకటి, పాకెట్ బొమ్మ ఎక్కడిది? లోపల ఏదో అణువు కూర్చుని ఉన్న క్రిస్టల్ స్ట్రక్చర్ ఉంటే మంచిది. ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ, ఆల్ఫాఫోల్డ్, ఇచ్చిన బొమ్మలు అద్భుతమే, వాటి వెనకున్నవాళ్లకి 2024లో నోబెల్ కూడా వచ్చింది. అయినా పాకెట్ గోడల్లో ఒక గొలుసు ఇటు తిరిగిందా, అటు తిరిగిందా అన్న చిన్న తేడాకే డాకింగ్ బోల్తా పడుతుంది. మీ ప్రొటీన్‌కి ముందే తెలిసిన అణువులు పదుంటే వాటిని, తెలిసి పనిచేయనివాటిని కలిపి డాక్ చేసి చూడండి. మంచివి పైకి రాకపోతే ఆ బొమ్మతో ముందుకెళ్లకండి. ఈ పరీక్షకి ఒక రాత్రి కంప్యూటర్ టైమ్ చాలు.

డీఎన్‌ఏ ఎన్‌కోడెడ్ లైబ్రరీల గురించి క్లుప్తంగా. ప్రతి అణువుకీ ఒక డీఎన్‌ఏ తోక, అదే దాని చిరునామా. కోట్లాది అణువుల్ని ఒకే చిన్న గొట్టంలో ప్రొటీన్‌కి చూపించి, అతుక్కున్నవాటి తోకలు చదువుతారు. 1992లో బ్రెన్నర్, లెర్నర్ ఇచ్చిన ఆలోచన. స్ట్రక్చర్ లేని ప్రొటీన్‌కి, కాస్త డబ్బున్న స్టార్టప్‌కి బాగా సరిపోతుంది. తోక తీసేసి మళ్లీ చేస్తే పనిచేయని హిట్లు ఉంటాయి, సిద్ధంగా ఉండండి. డీఎన్‌ఏని పట్టుకునే ప్రొటీన్ మీద పనిచేస్తుంటే ఇటు రాకండి, మీ ప్రొటీన్ తోకల్నే పట్టుకుంటుంది.

ఏఐ అణువుల్ని పుట్టించడం గురించి ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతున్నారు. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ కోసం ఇన్‌సిలికో వాళ్ల రెంటోసెర్టిబ్ రెండో దశ ట్రయల్ ఫలితాలు 2025లో ప్రచురించారు, అది గట్టి అడుగే. కానీ అలాంటి మోడల్ బాగా పనిచేసేది కైనేజ్‌ల్లాంటి, డేటా కుప్పలుగా ఉన్న కుటుంబాల్లో. కొత్త ప్రొటీన్‌కి నేర్చుకోవడానికి దానికేం లేదు. నేనైతే దాన్ని మొదటి హిట్ కోసం కాక, చేతిలో వంద కొలతలు చేరాక తర్వాతి ఇరవై ఏవి చేయాలో చెప్పించుకోవడానికి వాడతాను. అది చూపించే అణువుల్లో సగం చూడగానే కెమిస్ట్ నవ్వుతాడు, ఆ సంగతి వేరే.

బంధం కట్టాలా, వద్దా

దారి ఏదైనా మధ్యలో ఈ ప్రశ్న వస్తుంది. పాకెట్‌లోనో, అంచునో సిస్టీన్ ఉంటే, దానితో గట్టి బంధం కట్టే కొక్కెం పెట్టుకోవచ్చు. రక్త క్యాన్సర్ మందు ఇబ్రూటినిబ్, బీటీకే అనే ప్రొటీన్‌లో 481వ సిస్టీన్‌ని ఇలాగే పట్టుకుంటుంది. లాభం, మందు రక్తంలోంచి వెళ్లిపోయినా ప్రొటీన్ ఆగే ఉంటుంది. నష్టం, ఆ ఒక్క సిస్టీన్ సెరిన్‌గా మారిపోతే కొక్కెం తగిలించడానికి చోటుండదు. రోగుల్లో జరిగిందీ అదే.

కొక్కెం తప్పనిసరైన చోట్లు కూడా ఉన్నాయి. కేరాస్ ప్రొటీన్‌కి క్యాన్సర్‌తో సంబంధం ఉందని 1982లోనే తెలిసినా మూడు దశాబ్దాలు దాన్నెవరూ పట్టుకోలేకపోయారు. సొంత పాకెట్‌లో కణంలో సహజంగా ఉండే జీటీపీ అనే అణువు పికోమోలార్ (నానోమోలార్‌లో వెయ్యో వంతు) బలంతో కూర్చుంటుంది, మిగతా ఉపరితలం నున్నగా ఉంటుంది. జీ12సీ అనే మార్పులో 12వ స్థానంలో గ్లైసిన్‌కి బదులు సిస్టీన్ వస్తుంది. 2013లో షోకాట్ బృందం ఆ సిస్టీన్‌కి చిన్న ముక్కల్ని తగిలించి చూస్తే, పక్కన అంతకుముందు ఎవరికీ కనపడని గుంత తెరుచుకుంది. ఆ గుంతలో కూర్చునే మందు సోటోరాసిబ్‌కి 2021 మేలో అనుమతి. జబ్బు కణంలోనే సిస్టీన్ ఉంది, ఆరోగ్యంగా ఉన్నదానిలో లేదు. ఇంతకంటే మంచి కారణం దొరకదు. ఇలాంటిది లేకపోతే బంధం లేని అణువుతోనే మొదలుపెట్టమంటాను, అస్సేలు చదవడం తేలిక.

ప్రొటీన్‌ని ఆపడం కాకుండా కణం చేతే నరికించే ప్రొటాక్‌ల మాట ఎత్తితే ఈ వ్యాసం రెట్టింపవుతుంది. మీ దగ్గర ఆ ప్రొటీన్‌ని పట్టుకునే అణువు ముందే ఉంటే తప్ప అటు చూడకండి.

మీ పరిస్థితిని బట్టి

కాలేజీలో కంప్యూటర్ తప్ప ఏమీ లేదా? అస్సే ఉన్న లాబ్ ఒకదాన్ని ముందు వెతుక్కోండి. హైదరాబాద్, బెంగళూరుల్లో ప్రభుత్వ సంస్థల్లో ఎంజైమ్ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఈమెయిల్‌కి జవాబులు వస్తాయి, కాస్త ఆలస్యంగా. వాళ్లు కొలిచే ప్రొటీన్‌నే మీరు డాక్ చేయండి. మీకు నచ్చిన ప్రొటీన్‌ని డాక్ చేసి కొలిచేవాళ్ల కోసం వెతకడం ఎదురీత.

ప్రొటీన్ బాగా తయారవుతోంది, క్రిస్టల్ వస్తోంది, డబ్బు తక్కువ అంటే ఫ్రాగ్‌మెంట్లు. స్ట్రక్చర్ లేదు, అస్సే గట్టిగా ఉంది అంటే చిన్న లైబ్రరీ స్క్రీన్, పెట్టుబడి ఉంటే డీఎన్‌ఏ లైబ్రరీ. చుట్టం ప్రొటీన్‌కి మందు ఉంటే, పైన చెప్పాను, అదే.

కెమిస్ట్ లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. హిట్ దొరికిన రోజు నుంచి పనంతా వాళ్లదే. 400 డాల్టన్ల అణువు 4 మిల్లీగ్రాములు తీసుకుని మిల్లీలీటరు డీఎంఎస్‌ఓలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది, చాలా పరీక్షలకి సరిపోతుంది. ఆ 4 మిల్లీగ్రాములు మూడు స్టెప్పుల్లో వస్తాయా, పదకొండు స్టెప్పుల్లో వస్తాయా అన్నదాన్ని బట్టే ఏడాదిలో మీరు ఎన్నిసార్లు ఆలోచన మార్చుకోగలరో తేలుతుంది. రెండు హిట్లు దాదాపు సమానంగా ఉంటే తేలిగ్గా తయారయ్యేదే తీసుకోండి.

కుర్రాడి సంగతి. వాళ్ల గైడ్ గారు ఇంకో ఊళ్లో ఎంజైమ్ లాబ్‌తో మాట్లాడి పెట్టారు. ఐదు ఉంగరాల అణువుని పక్కన పెట్టించి, జాబితాలో కింద నుంచి కూడా ఏరి ఇరవై నాలుగు కొనిపించాను. ఇరవై రెండు ఏమీ చేయలేదు. ఒకటి ట్రైటాన్ వేయగానే మాయమైంది. మిగిలిన ఒక్కటి 60 మైక్రోమోలార్, డాకింగ్‌లో దాని స్కోరు మైనస్ 7.9. "ఇంత తక్కువా అన్నా?" అని నీరుగారిపోయాడు. ఎన్ని పరమాణువులున్నాయో లెక్కపెట్టమన్నాను. పదిహేడు. కొత్త పౌడర్‌కి ఆర్డర్ పెట్టాడు, అది వచ్చాక మళ్లీ కొలుస్తారు.